విరగని గంధం బొట్టు

ఆటో దిగిన నీలకంఠానికి ముందుగా కనిపించింది ఆఫీసు మెట్ల మీద కూర్చున్న పోతమ్మ. ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని దాని పిడిని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"మీ అమ్మాయి తిన్నదా అమ్మా?" అనడిగాడు.

"నేదు బాబూ. లోపలికి ఎల్నివ్వట్లేదు. భీమిలి నుంచి మొదటి బస్సుకే వొచ్చీసినాను. పిల్ల ఇక్కడే ఉంటాదనుకున్నాను. తెల్లారే పోలీసులు టేసన్‌కి తీస్కెల్లిపోనారంట, నాకేటి తెలుసు? ఇందాక జీపులో తెచ్చి లోన కూకోబెట్టినారు."

"అయితే పొద్దుటినుంచీ ఈ మెట్ల మీదే ఉన్నావా?"

"ఉన్నాను. పలకరించిన మనిసే నేదు. పెద్దాయన ఒక్కరే వొచ్చినారు. ఆ గది తీసి కాసేపు కూకున్నారు, మల్లీ తాళమేసీసి ఎల్లిపోనారు. దండం ఎట్టినాను. సూడనట్టే ఎల్లిపోనారు." పోతమ్మ క్యారేజీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నా కొడుకుంటే ఆడే మాటాడీవోడు బాబూ. ఈయాల మంచి కిరాయి తగిలింది, పొద్దున్నే యార్డు కాడికి రమ్మన్నారని ఎల్లిపోనాడు. ట్రైలరు తోలతాడు. సొంతం కాదు, అద్దె బండే. అక్కని ఇలాగ సేసినారని ఆడికింకా తెలీదు."

నీలకంఠం వరండా చివర తాళం వేసి ఉన్న గది వైపు చూశాడు. తరవాత చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.

ఆ ఆఫీసు శ్రీరామ్మూర్తిది, కస్టమ్స్ క్లియరింగ్ ఏజెన్సీ. ఓడల్లో వచ్చిన ఇతరుల సరుకుకి కాగితాల పని పూర్తిచేసి, కంటైనర్ యార్డు నుంచి బయటికి పంపిస్తారు. ఆ యార్డువాళ్ళు ఏడాదిగా, అంటే రెండువేల ఆరునుంచీ, గేటు పాసులు వెబ్‌సైట్ ద్వారానే ఇస్తున్నారు. ఏజెన్సీ పేరుతో లోపలికి వెళ్ళి కంటైనర్ నంబరు, ట్రైలర్ నంబరు, డ్రైవరు పేరు కొడితే చాలు. గేటు దగ్గర ఇక అడిగేవాడు లేడు. మొన్న మహర్నవమి రాత్రి రాగి తుక్కు నింపిన కంటైనర్ ఒకటి అలాగే బయటికి పోయింది. తెల్లారేసరికి ట్రైలర్ పెందుర్తి అవతల ఖాళీగా కనిపించింది. దాని డ్రైవరు దుర్గారావు తల పగిలి తుప్పల్లో పడి ఉన్నాడు. ఇప్పటికీ తెలివి రాలేదు. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు అతని పక్కన దారి చూపించే మనిషి ఒకడు కూర్చున్నాడని టీ కొట్టతను చెప్పాడు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఏజెన్సీకి లాగిన్ ఒకటే. దాని పాస్‌వర్డ్ ఉన్నది పోతమ్మ కూతురు అనూరాధ ఒక్కతె దగ్గరే. సరుకు తాలూకు పార్టీవాళ్ళు పోలీసుల మీద నమ్మకం చాలక, సొంతంగా దర్యాప్తులు చేసే నీలకంఠాన్ని పెట్టారు. ఆ సంగతి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పోలిరాజుకి తెలుసు. తెలిసినప్పటినుంచీ ఆయన మాటల్లో కారం పెరిగింది.

"రా బావా, రా. నువ్వొచ్చి చెయ్యి పెడితేగాని దొంగ దొరకదని పార్టీవాళ్ళు ఒకటే పట్టు," అన్నాడు పోలిరాజు హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని. ఇద్దరిదీ చుట్టరికం కాదు. ఒకే ఏడాది పోలీసు డిపార్టుమెంటులో చేరారు. నీలకంఠం మధ్యలో బయటికొచ్చేశాడు, పోలిరాజు ఉండిపోయాడు. బావా అని పిలుచుకోవడం మాత్రం మానలేదు. "దొంగ దొరికీసింది. నువ్వు సరుకు ఎతుక్కో."

"వెతుకుతాను బావా. ముందు ఈ అమ్మాయిని రెండు మాటలు అడగొచ్చా?"

"నాలుగు అడుగు. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్ళిపోతాను. ఆ తరవాత నువ్వు అడగాలన్నా ఉండదు."

హాల్లో ఓ మూల బల్ల మీద అనూరాధ కూర్చుని ఉంది. పక్కన ఓ లేడీ కానిస్టేబులు. ఇరవై మూడేళ్ళ పిల్ల. వాళ్ళ పేటలో వలలూ పడవలూ వదిలి ఆఫీసు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల తనే. కోర్టు మెట్లు ఎక్కిందంటే ఆ తరవాత ఈ ఊళ్ళో ఏ ఆఫీసూ ఆమెని లోపలికి రానివ్వదు. అది ఆమెకీ తెలుసని ఆమె కూర్చున్న తీరే చెబుతోంది.

పోలిరాజు కబురు పెడితే మళ్ళీ వచ్చిన శ్రీరామ్మూర్తి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది, నుదుట బొట్టు లేదు. పెదనాన్న కొడుకు పోవడంతో ఆయన మైలలో ఉన్నాడు. "కన్నబిడ్డలా చూసుకున్నానండీ," అన్నాడు నెమ్మదిగా. "పాస్‌వర్డుల దగ్గర నేనెంత కచ్చితమో అందరికీ తెలుసు. కంప్యూటర్లో దాచకూడదు, ఎవరికీ చెప్పకూడదు, దాచినవాళ్ళు మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదు. నాకు ఆ కంప్యూటర్ నొక్కడం రాదు గానీ, జాగ్రత్త అంటే ఏమిటో తెలుసు. నా గదికి ఒకటే తాళంచెవి. మొలతాడుకు కట్టుకుని తిరుగుతాను. నేను లేకుండా ఊడ్చడానికి కూడా ఎవరినీ రానివ్వను."

"మంచి అలవాటండీ," అన్నాడు నీలకంఠం.

హాలంతా నవమి నాటి పూజ ఎలా ఉందో అలాగే ఉంది. దశమి ఉదయం దొంగతనం బయటపడగానే పోలిరాజు హాలుకి సీలు వేయించాడు, మళ్ళీ ఇవాళే తీయించాడు. ఉద్వాసన కూడా చెప్పలేదు. నాలుగు కంప్యూటర్లనీ గోడవారగా జరిపి, తీగలు చుట్టి, మానిటర్లకి బంతిపూల దండలు వేశారు. మధ్యలో అమ్మవారి పటం. దాని ముందు ఇత్తడి పళ్ళెంలో రబ్బరు స్టాంపులు, స్టేప్లర్లు, కాలిక్యులేటర్, వాటి మధ్య నీలం రంగు పెన్ డ్రైవ్ ఒకటి. దాని మూతా ఒంటీ కలిపి పసుపు దారం చుట్టి, అతుకు మీద గంధం రాసి కుంకుమ అద్దారు.

నీలకంఠం అలవాటుగా ఒక నమస్కారం పెట్టుకున్నాడు.

"అయిపోయిందా పూజ?" అన్నాడు పోలిరాజు. "ఇను బావా. గేటు పాసు నవమి నాడు రాత్రి తొమ్మిదిన్నరకి ఇచ్చినారు. ఇచ్చింది ఈ ఆఫీసు ఇంటర్నెట్ కనెక్షన్ నుంచే. యార్డువోళ్ళు రాసిచ్చినారు. హాలు షట్టరు తాళంచెవి ఈ పిల్ల దగ్గరుంది. పాస్‌వర్డు ఈ పిల్లకి తప్ప భూమ్మీద ఇంకెవలికీ తెలీదు, తనే ఒప్పుకుంది. ఇంక నువ్వేటి కనిపెడతావు చెప్పు?"

నీలకంఠం ఓ కుర్చీ లాక్కుని అనూరాధ ఎదురుగా కూర్చున్నాడు. "నాకు కంప్యూటర్లు అంతగా తెలీవమ్మా. పాస్‌వర్డు నీకు తెలుసన్నావుట. చెప్పు, వింటాను."

అనూరాధ తల ఎత్తింది. "నాకు నోటికి రాదండి."

"చూసావా, మాట మార్చేత్తంది," అన్నాడు పోలిరాజు.

"ఉండు బావా. నోటికి రాకుండా లోపలికి ఎలా వెళ్తావమ్మా?"

"పెన్ డ్రైవ్‌లో ఓ ప్రోగ్రాం ఉంటాదండి. ద్వారకానగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు మా మేడం ఇచ్చినారు. తాళాలన్నీ దాచుకునే పెట్టె లాంటిది. పాస్‌వర్డు అదే తయారు చేస్తాదండి, ఇరవై అక్షరాలు, అర్థం పర్థం ఉండదు. నాను దాన్ని ఎప్పుడూ సూడనైనా లేదు. ఆ పెట్టె తెరవడానికి ఒక పెద్ద పాస్‌వర్డు ఉంటాది, అదొక్కటే నా బుర్రలో ఉంటాది."

"అయితే రోజూ ఏం చేస్తావు?"

"పెన్ డ్రైవ్ పెట్టాలి. పెద్ద పాస్‌వర్డు కొట్టాలి. లోపల యార్డు పేరు ఎతకాలి. దాని పాస్‌వర్డు కాపీ చేసి, వెబ్‌సైట్లోకి ఎల్లి అంటించాలి. కొంచెం లేటయితే కాపీ చేసింది చెరిగిపోతాది. మల్లీ మొదటినుంచీ. యార్డు సైటేమో టీ తాగొచ్చేసరికే బయటికి తోసేత్తాది. రోజులో ఎన్నిసార్లో చెప్పలేనండి."

"విసుగు రాదూ?"

"వొస్తాదండి. కానీ పెద్దయ్యగారి రూలు."

"మరి మిగతావాళ్ళంతా ఏం చేస్తారు? ప్రపంచంలో అందరూ ఈ పెన్ డ్రైవ్ తంటాలే పడుతున్నారా?"

ఆమె తల తిప్పింది. కళ్ళు ఒక్కసారి శ్రీరామ్మూర్తి వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. నీలకంఠం అది చూశాడు.

"లేదండి," అంది చివరికి. "బ్రౌజరే అడుగుతాది, గుర్తుపెట్టుకోమంటావా అని. అవునని నొక్కితే మరింక ఏటీ కొట్టక్కర్లేదు."

"అదెంత సులువు," అన్నాడు నీలకంఠం. తరవాత పోలిరాజు వైపు తిరిగాడు. "బావా, యార్డువాళ్ళు రాసిచ్చిందాంట్లో నవమి నాడు ఒక్క రాత్రేనా, ఇంకెప్పుడైనా లోపలికి వెళ్ళారా?"

పోలిరాజు జేబులోంచి కాగితం తీశాడు. "పొద్దున్న పదింటికోసారి, మధ్యాహ్నం రెండున్నరకోసారి ఎల్లినారు. అది మామూలు పనే, ఓడొకటి ముందుగా వొచ్చీసిందంట."

"పూజ ఎన్నింటికయిందమ్మా?"

"పదకొండుకండి," అంది అనూరాధ. అని, ఆగిపోయింది.

నీలకంఠం లేచి పళ్ళెం దగ్గరికి వెళ్ళి, పెన్ డ్రైవ్ మీదికి వంగి చూశాడు. చేత్తో ముట్టలేదు. "పదకొండుకి దీనికి దారం కట్టి గంధం రాశారు. పూజలో పెట్టిన వస్తువు మర్నాడు ఉద్వాసన అయ్యేదాకా తీయకూడదు. తీయలేదు కూడా. దారం ముడి అలాగే ఉంది, మూత అతుకు మీద గంధం చెక్కు చెదరలేదు. మరి రెండున్నరకి ఆ ఇరవై అక్షరాలూ ఎక్కడినుంచి వచ్చాయమ్మా?"

అనూరాధ పెదవి కొరుక్కుంది.

"నువ్వు తప్పు చేశావని అడగటంలేదు. అమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. క్యారేజీ విప్పలేదు."

ఆ మాటకి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉజ్జోగం పోతాదని చెప్పలేదండి. నవమి నాడు హాల్లోవన్నీ పూజలో ఎట్టీసినారు. పెద్దయ్యగారు మైలలో ఉన్నారని ఆయన గదిలో వస్తువులు పూజలో ఎట్టలేదు. ఏదైనా అర్జెంటు వొస్తే నా గదిలోది వాడుకో అని పొద్దున్నే గది తీసి ఇచ్చినారు. ఓడ రావొచ్చని నాకు తెలుసు. పెన్ డ్రైవ్ పళ్ళెంలో ఎట్టీస్తే మరి తియ్యకూడదు. అందుకని పూజకి ముందే ఆయన కంప్యూటర్లో దాన్ని పెట్టి, పాస్‌వర్డు అంటించినాను. గుర్తుపెట్టుకోమంటావా అని బ్రౌజరు అడిగింది." అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అవునని నొక్కీసినాను. రెండున్నరకి పెద్దయ్యగారి ఎదురుగానే, ఏటీ కొట్టకుండా లోపలికి ఎల్లి పని చేసినాను. మర్నాడు చెరిపీద్దామనే అనుకున్నానండి. సాయంత్రం పెద్దయ్యగారు గదికి తాళం ఏసుకుని ఎల్లిపోనారు. మర్నాడు పొద్దున్న ఇదంతా అయిపోయింది."

"నా గదిలోనా?" అన్నాడు శ్రీరామ్మూర్తి. "నా రూలు నా గదిలోనే తప్పావా అమ్మా?"

"తప్పీసినానండి."

పోలిరాజు తొడ మీద చెయ్యి చరిచి లేచాడు. "బావా, దండం. నా కేసు నువ్వే గట్టి చేసావు. పెన్ డ్రైవ్ లేకుండా కూడా లోపలికి ఎల్లగలదని తేలిపోయింది. సాయంత్రం దాకా ఆగడం కూడా ఎందుకు?"

"ఎక్కడినుంచి వెళ్ళింది బావా?"

"ఎక్కడినుంచేటి? షట్టరు తీసుకుని ఒచ్చింది, ఓ కంప్యూటర్ ఆన్ చేసింది—"

"ఏ కంప్యూటరు?"

పోలిరాజు నాలుగింటి వైపూ చెయ్యి ఊపాడు. "ఏదో ఒకటి."

"ఇలా రా." నీలకంఠం మొదటి సి.పి.యు. ముందు గొంతుకూర్చున్నాడు. సరిగ్గా పవర్ బటన్ మీద గంధం బొట్టు, దాని మధ్య కుంకుమ. ఎండి, అంచుల్లో సన్నగా బీటలు తీసి ఉంది. "పని మొదలయ్యేది దీంతోనే కదా అని బొట్టు దీని మీదే పెట్టారు. నాలుగింటికీ అలాగే ఉన్నాయి. నేను రోజూ తెల్లవారుజామున సాన మీద గంధం తీస్తాను. పొద్దున పెట్టిన బొట్టు సాయంత్రానికి పెంకులా అయిపోతుంది. దాన్ని నొక్కితే ఏమవుతుందో చూడు."

మనసులోనే అమ్మవారికి క్షమాపణ చెప్పుకుని, వేలితో బటన్ నొక్కాడు. చిన్న చప్పుడుతో బొట్టు మూడు పెంకులుగా విరిగి నేల మీద రాలింది. బటన్ నల్లగా బయటపడింది.

"మిగతా మూడూ చూసుకో. నవమి రాత్రి వీటిలో ఏదీ ఎవరూ ఆన్ చెయ్యలేదు."

పోలిరాజు నిజంగానే వంగి మూడూ చూశాడు. టార్చి వేసి మరీ చూశాడు. లేచేటప్పుడు ఆయన మొహంలో వెటకారం తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "సరే. అయితే ఆయన గదిలోదాంతో చేసింది."

"ఆ గది తాళంచెవి ఒకటే. ఇప్పుడే విన్నాం కదా."

"ఏటి నీ ఉద్దేశం?" పోలిరాజు గొంతు హెచ్చింది. "ఆ పెద్దమనిషికి కంప్యూటర్ నొక్కడం రాదు. పాస్‌వర్డు తెలీదు. ఇంట్లో మనిషి పోయి మైలలో ఉన్నాడు. పార్టీవోళ్ళ దగ్గర ఫీజు తీసుకున్నావని ఎవలో ఒకళ్ళని చూపించీస్తావా? బొట్లు చూసి కేసులు తేల్చీస్తే మాకీ ఖాకీ బట్టలెందుకు?"

"నేనెవరినీ చూపించలేదు బావా. ఒక్కసారి ఆ గది తీయించు. తప్పయితే నీ ఎదురుగా ఒప్పుకుని వెళ్ళిపోతాను."

శ్రీరామ్మూర్తి కిటికీ దగ్గరనుంచి ముందుకొచ్చాడు. "తీస్తానండీ. దాంట్లో ఏముంది," అని చొక్కా కింద మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నీలకంఠం వేళ్ళు తగలకుండా పైనుంచి అరచేతిలో జారవిడిచాడు. మైలలో ఉన్నవాళ్ళు పాటించే జాగ్రత్త అది. పూజలో పెట్టినవాటిని ముట్టుకోకూడదన్న జాగ్రత్త నవమి రాత్రి కూడా పాటించి ఉంటాడా అని నీలకంఠానికి అనిపించింది. ఆ ఆలోచన పైకి అనలేదు.

గదిలో ఒక టేబులు, దాని మీద కంప్యూటరు, గోడకి ఇంటర్నెట్ మోడెం. దాని పచ్చ దీపం మినుకుమంటోంది. ఈ కంప్యూటర్‌కి బొట్టు లేదు, పువ్వు లేదు. నీలకంఠం కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆన్ చేశాడు. అనూరాధ గుమ్మంలో నిలబడింది. పక్కన కానిస్టేబులు.

"శ్రీరామ్మూర్తిగారూ, ఈ నాలుగు రోజుల్లో పాస్‌వర్డు మార్చారా?"

"మార్చాలంటే ఆ అమ్మాయి పెన్ డ్రైవ్ కావాలిట. అది సీలు లోపల ఉంది. పోనీ లాగిన్ ఆపేద్దామా అన్నారు యార్డువాళ్ళు. ఆపితే మిగతా పార్టీల పని నిలిచిపోతుందని నేనే వద్దన్నాను."

"మంచిది." నీలకంఠం మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. బాణం గుర్తు తెర మీద ఎక్కడో మూలకి పోయింది.

"బావా, అది మౌసు. సబ్బు బిళ్ళలా రుద్దీకు," అన్నాడు పోలిరాజు.

"అదే చెబుతున్నాను. నాకూ రాదు. అందుకే నేనే కూర్చున్నాను. యార్డు బొమ్మ ఇదేనామ్మా?"

"అదేనండి. రెండుసార్లు నొక్కండి," అంది అనూరాధ.

నొక్కాడు. పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. మధ్యలో రెండు గళ్ళు. నీలకంఠం కీబోర్డు మీద చెయ్యి వెయ్యలేదు. రెండు చేతులూ ఎత్తి పోలిరాజుకి చూపించాడు. పై గడిలో ఏజెన్సీ పేరు తనంతట తనే వచ్చి నిలబడింది. కింది గడిలో వరసగా ఇరవై నల్లటి చుక్కలు.

"ఇప్పుడు?"

"లాగిన్ అని ఉంది కదండీ. అది నొక్కడమే."

నొక్కాడు. తలుపు తీసినట్టు లోపలి పేజీ వచ్చేసింది.

"చూసావా బావా. ఇరవై అక్షరాలు నాకు తెలీదు. పెన్ డ్రైవ్ నా దగ్గర లేదు. మౌస్ పట్టుకోవడం నీ ముందే నేర్చుకున్నాను. ఆ అమ్మాయి ప్రోగ్రాంతో అయితే నేను సాయంత్రం దాకా కూర్చున్నా లోపలికి పోలేను. అది వాడేవాళ్ళని విసిగిస్తుంది, నాలాంటివాణ్ణి అసలు రానివ్వదు. ఈ బ్రౌజర్‌ది ఎంత సులువంటే, ఎవరు కూర్చున్నారని కూడా అడగదు. ఈ కుర్చీలో కూర్చుంటే చాలు."

శ్రీరామ్మూర్తి నవ్వడానికి ప్రయత్నించాడు. "అంటే నవమి రాత్రి నేనొచ్చి కూర్చున్నాననా? ఆ అమ్మాయి దగ్గర నా గదికి మారు తాళం లేదని మీరెలా చెప్పగలరండీ? చేయించుకుని ఉండొచ్చు."

"అవును," అన్నాడు పోలిరాజు వెంటనే. "చేయించుకుని ఉండొచ్చు."

ఆ మాటలో తప్పు లేదు. నీలకంఠం తెర వైపు చూస్తూ, తనకు అర్థమైనంతవరకు పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. నవమి నాటి గేటు పాసు కింద ఉంది. దాని పైన ఇంకొకటి ఉంది.

"అమ్మా, ఇదేమిటి? ఇవాళ తారీకుతో ఉంది?"

అనూరాధ గుమ్మం దాటి ముందుకొచ్చింది. కానిస్టేబులు ఆపలేదు. "కొత్త గేటు పాసండి. ఇదీ రాగి కంటైనరే. అదే పార్టీది. ఈ పొద్దు పదీ ఇరవైకి ఇచ్చినారు."

పదీ ఇరవై. పోలిరాజు మొహం మారింది. ఆ వేళకి ఆ పిల్ల స్టేషన్లో తన బల్ల ముందే నిలబడి ఉంది. తానే అడుగుతున్నాడు, తానే అరుస్తున్నాడు.

"నీ ఎదురుగానే ఉంది కదా బావా," అన్నాడు నీలకంఠం నెమ్మదిగా. "ఇవాళ పొద్దున్న మారు తాళంతో ఎవరొచ్చారో మెట్ల మీద కూర్చున్న పోతమ్మని అడుగు. వచ్చింది ఒక్కరే అని చెప్పింది. దండం పెడితే చూడకుండా వెళ్ళిపోయారుట."

పోలిరాజు శ్రీరామ్మూర్తి వైపు తిరిగాడు. తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

అనూరాధ మాత్రం వాళ్ళెవరినీ చూడటం లేదు. తెర మీద చివరి గడి దగ్గర వేలు పెట్టి ఉంచింది. డ్రైవరు పేరు.

"వాసు," అంది. "మా తమ్ముడండి."

నీలకంఠానికి మెట్ల మీద విన్న మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది. మంచి కిరాయి. పొద్దున్నే యార్డు దగ్గరికి రమ్మన్నారు. అక్క గేటు పాసు రాసింది, తమ్ముడు బండి తోలాడు అనుకుంటారు అందరూ. సాయంత్రానికి ఆ తమ్ముడు కూడా తుప్పల్లో దొరికితే, లేకపోతే అసలు దొరక్కపోతే, ఇంక ఎవరూ ఏమీ అడగరు.

"ఆ అమ్మాయి ఫోను ఇటివ్వు బావా," అన్నాడు.

పోలిరాజు స్వాధీనం చేసుకున్న సెల్‌ఫోన్ జేబులోంచి తీసి తానే ఆమె చేతిలో పెట్టాడు. "మామూలుగా మాటాడమ్మా. భయపడినట్టు తెలీకూడదు. ఎక్కడున్నాడో అడుగు."

నాలుగోసారి మోగాక వాసు ఎత్తాడు. లారీ ఇంజను రొదలోంచి గొంతు అందరికీ వినిపించింది. "ఏటక్కా? పొద్దుటేల నుంచీ నీ ఫోను కలవట్లేదు?"

"ఛార్జింగ్ అయిపోయిందిరా. ఎక్కడున్నావు?"

"గేటు దాటీసి సేపయింది. పెందుర్తి దగ్గరకొచ్చీసినాం."

"దాటీసినాం అంటన్నావు, ఇంకెవలున్నార్రా?"

"దారి సూపించడానికని ఓ మనిసిని ఎక్కించినారక్కా. ఎనక రోడ్డున పోదారంటన్నాడు. ఏటి, నీ గొంతేటి అలాగుంది?"

అనూరాధ కళ్ళు మూసుకుంది. "అమ్మకి కళ్ళు తిరిగి పడిపోయిందిరా. జనం ఉన్న కాడ బండి ఆపీసి, దిగి ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

"అమ్మకా? ఆపుతన్నాను, ఉండు—" అవతల ఇంకెవరిదో గొంతు వినిపించింది. ఏమన్నాడో తెలియలేదు. ఏదో గుంజుకున్న చప్పుడు. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

పోలిరాజు కానిస్టేబుల్ని వైర్‌లెస్ దగ్గరికి పరిగెత్తించాడు. పెందుర్తి, ట్రైలర్ నంబరు, వెనక రోడ్డు, అని ఒక్కొక్క మాటే అరిచి చెప్పాడు. ఆయన గొంతు ఆగిన క్షణంలో గదిలో ఇంకో ఫోన్ మోగింది.

అది శ్రీరామ్మూర్తి చొక్కా జేబులో మోగుతోంది.

ఆయన దాన్ని తీయలేదు. మోగనిచ్చాడు. నీలకంఠం లేచి వెళ్ళి, మైల సంగతి పట్టించుకోకుండా ఆ జేబులో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. పేరు లేదు, నంబరు మాత్రం ఉంది. దాన్ని ఆయన చెవి దగ్గరగా, తన చెవికి కూడా ఆనేలా పట్టుకున్నాడు.

"బండి ఆపమని చెప్పండి," అన్నాడు చాలా మెల్లగా. "కుర్రాడి మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పండి. మీరు చెప్పాల్సిందల్లా అంతే."

అనూరాధ చేతులు జోడించింది. నాలుగు రోజులుగా కన్నబిడ్డ అంటున్న మనిషి ఆమె వైపు చూడకుండా తెర మీదికి చూశాడు.

నీలకంఠం పచ్చ బటన్ నొక్కాడు.

"ఏటి బాబూ," అంది అవతలి గొంతు, "ఈడు మొరాయిస్తన్నాడు. కానిచ్చీమంటారా?"

శ్రీరామ్మూర్తి నోరు తెరిచాడు.